దిగిపోయే బ్యాటరీ: లోపం ఎక్కడ వెతకాలి?

పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్ టక్’మని ఆగిపోతుంది. పక్క కారు నుంచి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేస్తే రెండు రోజులు బాగానే తిరుగుతుంది, మూడో రోజు మళ్లీ మొదటికొస్తుంది. బ్యాటరీ షాపులో చూపిస్తే ‘సెల్ పోయింది, మార్చేయండి’ అంటారు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ‘డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదు’ అంటాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే బయట వేయించిన మ్యూజిక్ సిస్టంనో డ్యాష్‌క్యామ్‌నో తప్పుపడతారు. ముగ్గురి దగ్గరా మీటరు ఉంటుంది, ముగ్గురూ చూపించే అంకె నిజమే కావచ్చు. అయినా వేల రూపాయలు పోసి కొన్న కొత్త బ్యాటరీ కూడా కొన్నాళ్లకే పడుకుంటున్న సందర్భాలు తక్కువేం కాదు.

పరీక్షలు పెరిగేకొద్దీ ఈ వివాదం చిక్కుపడుతూ వచ్చింది. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ జవాబును మరో ప్రశ్నకు తగిలిస్తే మంచి బ్యాటరీ పాత సామాన్ల కొట్టుకు పోతుంది, పాడైన తీగ కారులోనే మిగులుతుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతోందంటే ట్యాంకుకు బీట పడి ఉండవచ్చు, మోటారు సరిగా ఎక్కించకపోవచ్చు, ఎక్కడో కుళాయి కారుతూ ఉండవచ్చు. బ్యాటరీ మీద ఉన్న వాదాలూ ఈ మూడే: నిల్వ ఉంచుకోలేకపోతోంది, నిండటం లేదు, బండి ఆగి ఉన్నప్పుడు కారిపోతోంది. మూడింటి వెనకా దశాబ్దాల అనుభవం ఉంది, మూడింటికీ హద్దులున్నాయి. ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

ఇంతవరకు వచ్చిన దారి

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-ఆమ్లం బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకల మీద సీసం ఆక్సైడు ముద్దను పూసే పద్ధతి తెచ్చాక అది ఫ్యాక్టరీ సరుకైంది. కారుకూ బ్యాటరీకీ విడదీయరాని ముడి పడింది మాత్రం చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను 1912 క్యాడిలాక్ కార్లలో అమర్చినప్పుడు. అప్పటిదాకా హ్యాండిల్ తిప్పి ఇంజన్ లేపేవారు. మన రోడ్ల మీద తొలినాళ్ల అంబాసిడర్లకూ ఆ హ్యాండిల్ ఉండేది. బ్యాటరీ దిగిపోయినా బండి ఆగిపోయేది కాదు, అందుకే దాని గురించి పెద్దగా తర్కించాల్సిన అవసరం రాలేదు. పార్క్ చేసిన కారులో కరెంటు తీసుకునేవి కూడా దాదాపు ఉండేవి కావు. తాళం తీస్తే అంతా ఆగిపోయేది.

1960ల నుంచి డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ రావడం మొదటి మలుపు. మన మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు గానీ పని తీరు వేరు. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా అది ఎంతో కొంత కరెంటు ఇవ్వగలదు, లోపల డయోడ్లు ఉంటాయి. ఆ డయోడ్లే తర్వాత కొత్త రకం లోపాలకు మూలమయ్యాయి. రెండో మలుపు కంప్యూటర్లు. కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్ విధానాన్ని బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. ఇప్పుడు చిన్న కారులో కూడా ఇంజన్‌కు, తలుపులకు, ఎయిర్‌బ్యాగ్‌లకు, స్టీరింగ్‌కు వేర్వేరు పెట్టెలున్నాయి. తాళం తీసినా అవి వెంటనే ఆగిపోవు, కాసేపటికి నిద్రలోకి జారుకుంటాయి. నిద్రపోకపోతే బ్యాటరీ దిగుతుంది.

మూడో మలుపు బ్యాటరీలోనే వచ్చింది. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే బ్యాటరీల కాలం పోయి, కాల్షియం కలిపిన సీసంతో చేసిన సీల్డ్ బ్యాటరీల కాలం వచ్చింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరాన్ వంటి బ్రాండ్లు 2000 తర్వాత ‘నీళ్లు పోయక్కర్లేదు’ అన్న మాటను ఇంటింటికీ చేర్చాయి. వాడేవారికి అది మేలే. పరీక్షించేవారికి మాత్రం ఒక మంచి కిటికీ మూసుకుపోయింది. లోపలి ఆమ్లం చిక్కదనాన్ని ఇక చూడలేరు.

మొదటి వాదం: బ్యాటరీయే పాడైంది

ఇది బ్యాటరీ అమ్మేవారి వాదమని తీసిపారేయడం తేలిక, కానీ రసాయన శాస్త్రం వారి పక్షానే బలంగా నిలుస్తుంది. బ్యాటరీ దిగినప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, చార్జి ఎక్కితే మళ్లీ కరిగిపోతుంది. దిగిన బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా అవి పూర్తిగా కరగవు. మరోవైపు పాజిటివ్ పలకల జాలకాన్ని తుప్పు తినేస్తుంటుంది. ఈ రెండూ కలిసి బ్యాటరీ సామర్థ్యాన్ని ఏడాదికేడాది తగ్గిస్తాయి.

వేడి ఇక్కడ పెద్ద శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో బానెట్ కింద బ్యాటరీ ఎంత ఉడికిపోతుందో ఊహించుకోవచ్చు. బ్యాటరీ సలహాల్లో చాలా భాగం చలిదేశాల్లో పుట్టింది, వాటిని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో షికాగోలోనో మిన్నియాపొలిస్‌లోనో ఉండే తెలుగువారికి జనవరిలో కారు మొరాయిస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇంజన్ తిప్పే శక్తి సగం కంటే కిందికి పడిపోవడం, చిక్కబడిన ఆయిల్ వల్ల ఇంజన్ మరింత బరువుగా తిరగడం దానికి కారణాలు. అయితే అక్కడ కూడా చెడిపోవడం చాలావరకు ఎండాకాలంలోనే జరుగుతుంది, చలి దాన్ని బయటపెడుతుంది. మన దగ్గర అలా బయటపెట్టే చలి లేదు. అందుకే ఇక్కడ బ్యాటరీ ముందుగా హెచ్చరించకుండా, ఓ రోజు ఉన్నట్టుండి పడిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ వాదాన్ని నిరూపించడానికి వాడే పరీక్షల్లోనే అసలు తగాదా ఉంది. మల్టీమీటరుతో వోల్టేజీ చూడటం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. ‘విశ్రాంతిగా’ అన్న మాటే ఇక్కడ కీలకం. బండి ఆపిన వెంటనే కొలిస్తే పలకల పైపైన ఉన్న చార్జి వల్ల 12.9 కూడా కనబడుతుంది. కొన్ని గంటలు ఆగాలి, లేదా హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి కొలవాలి. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. వోల్టేజీ చెప్పేది చార్జి ఎంత శాతం ఉందన్నదే, బ్యాటరీ ఎంత పెద్దదిగా మిగిలిందన్నది చెప్పదు. సల్ఫేట్ పట్టి సగం చచ్చిన బ్యాటరీ కూడా చార్జి ఎక్కిస్తే 12.6 చూపిస్తుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే మాత్రం సందేహం అక్కర్లేదు. ఆరు సెల్స్‌లో ఒకటి షార్టయింది.

పాత తరం ఎలక్ట్రీషియన్లు ఆమ్లం చిక్కదనాన్ని కొలిచే హైడ్రోమీటరునే నమ్ముతారు. ఆ నమ్మకం న్యాయమైనదే, ఎందుకంటే అది ఒక్కో సెల్‌నూ విడిగా చూపిస్తుంది. అయిదు సెల్స్ ఒకలా, ఆరోది వేరేలా ఉంటే తీర్పు అక్కడికక్కడే తేలిపోతుంది. సీల్డ్ బ్యాటరీలకు ఇది కుదరదు. వాటి పైన ఉండే పచ్చ రంగు ‘కన్ను’ను చాలామంది దీనికి ప్రత్యామ్నాయం అనుకుంటారు. ఆ కన్ను ఉండేది ఒకే సెల్‌లో. మిగతా అయిదింటిలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. పచ్చగా ఉన్నా స్టార్ట్ కాని కార్లు అందుకే ఎదురవుతాయి.

లోడ్ టెస్ట్‌ది మరో దారి. బ్యాటరీ మీద ముద్రించిన సీసీఏ (చలిలో ఇంజన్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు) విలువలో సగాన్ని 15 సెకన్ల పాటు లాగి, వోల్టేజీ 9.6 కంటే కిందికి దిగకుండా ఉందో లేదో చూస్తారు. స్టార్టర్ చేసే పనినే అనుకరిస్తుంది కాబట్టి దీని జవాబుకు బరువెక్కువ. అయితే ముందు బ్యాటరీ కనీసం ముప్పాతిక నిండి ఉండాలి. దిగిపోయిన బ్యాటరీ మీద లోడ్ వేసి ‘చూశారా, పోయింది’ అనడం పరీక్ష కిందికి రాదు. ఈ తప్పు రోజూ జరుగుతోంది.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించేది చేతిలో ఇమిడే డిజిటల్ టెస్టర్. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కీత్ చాంప్లిన్ 1970లలో చేసిన పరిశోధన దీనికి ఆధారం. బ్యాటరీలోకి చిన్న సంకేతం పంపి, అది కరెంటును ఎంత సులువుగా ప్రవహించనిస్తుందో కొలిచి, దాన్నిబట్టి సీసీఏ అంచనా వేస్తుంది. నిమిషంలో చీటీ కూడా చేతికిస్తుంది. దీని సమర్థకులు చెప్పే సుగుణాలు నిజమే: వేగం, నిప్పురవ్వలు లేకపోవడం, కొంత దిగిన బ్యాటరీని కూడా చూడగలగడం. విమర్శకుల మాట కూడా అంతే నిజం. మన దగ్గర చాలా బ్యాటరీల మీద ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే నిల్వ సామర్థ్యం) పెద్దగా, సీసీఏ చిన్నగా ఉంటుంది, కొన్నిటి మీద అసలు ఉండదు. జపాన్, యూరప్, అమెరికా ప్రమాణాల్లో సీసీఏ అంకెలు వేరువేరు. టెస్టర్‌లో తప్పు ప్రమాణం ఎంచినా, ఆమ్లాన్ని గాజు నారలో ఇంకించిన ఏజీఎం బ్యాటరీని మామూలు బ్యాటరీగా చూపించినా మంచిది చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది. టెస్టర్ ‘చార్జి చేసి మళ్లీ పరీక్షించండి’ అని చెప్పినప్పుడు ఆ మాట విని రాత్రంతా చార్జింగ్ పెట్టే షాపులు తక్కువ.

మొత్తం మీద ఈ వాదం గురించి చెప్పగలిగింది ఇది: నాలుగేళ్లు దాటిన బ్యాటరీ విషయంలో ఇది సరైన అనుమానమే. ఏడాది కూడా నిండని బ్యాటరీ రెండుసార్లు పడుకుంటే మాత్రం నేరం వేరే చోట ఉండే అవకాశమే ఎక్కువ. పదేపదే అడుగంటిపోవడం వల్ల కొత్త బ్యాటరీ కూడా నిజంగానే చెడిపోతుంది. అప్పుడు పరీక్షలో ‘బ్యాడ్’ అని వస్తుంది, మారుస్తారు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది. ఫలితాన్ని కారణమనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

రెండో వాదం: బ్యాటరీ నిండటం లేదు

ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టని పాఠ్యపుస్తకాల మాట. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు వేసినా 13.5 దగ్గర నిలవాలి. బెల్టు వదులైనా, కార్బన్ బ్రష్‌లు అరిగినా, రెగ్యులేటర్ పాడైనా ఈ అంకె పడిపోతుంది. బాడీకి ఇంజన్‌కు మధ్య ఉండే ఎర్తింగ్ పట్టీ తుప్పుపట్టినా, టెర్మినళ్ల మీద తెల్లటి పచ్చటి పొడి పేరుకున్నా ఆల్టర్నేటర్ దగ్గర 14.3 ఉండి, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 13 అవుతుంది. ఒక్కచోటే కొలిస్తే ఈ తేడా దొరకదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంజన్ బ్లాకుకు మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తింగ్‌ను అనుమానించాలి. ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చేయకుండానే స్టార్టర్లు, బ్యాటరీలు మారుతున్నాయి.

ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదని తేల్చే పద్ధతి ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. డైనమోల కాలంలో, కంప్యూటర్లు లేని కార్లలో దాంతో పెద్ద నష్టం జరిగేది కాదు. ఇప్పుడు అలా చేస్తే చార్జింగ్ కరెంటు ఒక్కసారిగా దారి కోల్పోయి వోల్టేజీ పదుల వోల్టులకు, ఒక్కోసారి వంద దరిదాపులకు ఎగబాకుతుంది. ఆల్టర్నేటర్ డయోడ్లు, ఇంజన్ కంప్యూటర్ ఒక్క క్షణంలో కాలిపోవచ్చు. పైగా ఆ పరీక్ష డైనమో ఎంత కరెంటు ఇస్తోందో చెప్పదు. ఇందులో రెండు వైపులా వాదించడానికేమీ లేదు, ఆ అలవాటు మానేయాలి.

తక్కువ దూరాల ప్రయాణాల గురించి మాత్రం నిజమైన భేదాభిప్రాయం ఉంది. ‘ఒక్కసారి స్టార్ట్ చేస్తే పోయిన చార్జి తిరిగి రావాలంటే అరగంట నడపాలి’ అని కొందరంటారు. లెక్క వేస్తే అది నిలవదు. స్టార్టర్ రెండు సెకన్ల పాటు 150 ఆంపియర్లు తీసుకున్నా ఖర్చయ్యేది 0.08 ఆంపియర్ అవర్ మాత్రమే. నికరంగా 5 ఆంపియర్లు బ్యాటరీలోకి వెళ్తే నిమిషంలో తీరిపోయే బాకీ అది. అలాగని రెండు కిలోమీటర్ల ప్రయాణాలు చేసేవారికి ప్రమాదమే లేదని కాదు. సీసం బ్యాటరీ చివరి 20 శాతాన్ని చాలా నింపాదిగా తీసుకుంటుంది, గంటలు పడుతుంది. రోజూ కాసేపే నడిచే బండిలో బ్యాటరీ ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఆ మిగిలిన భాగంలో సల్ఫేట్ మెల్లగా గట్టిపడుతుంది. కాబట్టి స్టార్టింగ్‌కు అయ్యే ఖర్చు చిన్నదే, ఎప్పటికీ నిండకపోవడం పెద్దది.

2020 లాక్‌డౌన్‌లో ఊరంతా పాటించిన సలహా ‘రోజూ పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచండి’. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యంలో కొంత భాగమే ఇస్తుంది. రెండు హెడ్‌లైట్లకు 8, 9 ఆంపియర్లు పోతాయి. ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను కలిస్తే ఇంకో 20 దాకా పోవచ్చు. ఏసీ వేసుకుని కూర్చుంటే బ్యాటరీకి మిగిలేది అతి తక్కువ. పది ఆంపియర్ అవర్ల లోటు ఉన్న బ్యాటరీకి పది నిమిషాల ఐడ్లింగ్ వల్ల ఒరిగేది లేదు. వారానికోసారి గంటసేపు రోడ్డు మీద నడపడం, లేదా ఇంట్లో చిన్న చార్జర్‌తో రాత్రంతా స్లో చార్జింగ్ పెట్టడం దానికంటే ఎన్నో రెట్లు మేలు.

ఈ వాదానికి కొత్త చిక్కు స్మార్ట్ చార్జింగ్. ఇంధనం ఆదా కోసం కొత్త కార్లలో ఇంజన్ కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను అదుపు చేస్తుంది. మారుతి 2015లో సియాజ్‌తో తెచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ వంటి మైల్డ్ హైబ్రిడ్లు, ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లు బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ చార్జి చేసి, వేగం పెంచేటప్పుడు దాదాపు ఆపేస్తాయి. అలాంటి కారులో నడుస్తున్న ఇంజన్ మీద 12.6 వోల్టులు కనిపిస్తే ఆల్టర్నేటర్ పాడైనట్టు కాదు. పాత సూత్రం పట్టుకుని మంచి ఆల్టర్నేటర్లను విప్పుతున్న మెకానిక్‌లను తప్పుపట్టి ప్రయోజనం లేదు, వారికి ఆ సంగతి చెప్పే ఏర్పాటే లేదు. ఈ కార్లలో పదేపదే దిగి ఎక్కడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం బ్యాటరీ ఉండాలి. చవకని మామూలు బ్యాటరీ వేస్తే ఏడాదీ ఏడాదిన్నరలోనే ‘చార్జి నిలవట్లేదు’ అన్న ఫిర్యాదు కొత్తగా మొదలవుతుంది.

మూడో వాదం: ఆగి ఉన్నప్పుడే కారిపోతోంది

మూడింటిలో ఎక్కువ శ్రమ కోరేదీ, ఎక్కువ అపార్థాలు ఉన్నదీ ఇదే. తాళం తీసిన ప్రతి ఆధునిక కారూ కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది: గడియారం, అలారం, రిమోట్ లాక్ సంకేతం కోసం కాచుకునే రిసీవర్, కంప్యూటర్ల జ్ఞాపకం. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలని ఎక్కువమంది ఒప్పుకునే హద్దు. ఆ హద్దులోనే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీకి రెండు వారాల్లో సగం ఖాళీ అన్నమాట. అంటే ఏ లోపమూ లేని కారు కూడా నెలరోజులు కదలకపోతే స్టార్ట్ కాకపోవచ్చు. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి మూడు నెలల తర్వాత తిరిగొచ్చిన తల్లిదండ్రులకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. అక్కడ లోపం వెతకక్కర్లేదు. వెళ్లేముందు నెగటివ్ టెర్మినల్ తీసి వెళ్తే చాలు.

లోపం ఉన్నప్పుడు లెక్క వేరు. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది. రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు, మూడు రోజుల్లో చిన్న బ్యాటరీ అడుగంటుతుంది. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డ్యాష్‌క్యామ్, టాక్సీల్లో బిగించే జీపీఎస్ ట్రాకర్, ఓబీడీ పోర్టులో మరచిపోయిన పరికరం, ఇగ్నిషన్ లైన్‌కు బదులు నేరుగా బ్యాటరీకి కలిపిన ఆంప్లిఫయర్, అతుక్కుపోయిన రిలే తరచూ దొరికే దోషులు. వానాకాలంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు చేరతాయి: తడిసిన కనెక్టర్లు, ఎలుకలు కొరికిన తీగలు. పాత కారే కానక్కర్లేదు, వెచ్చదనం కోసం బానెట్ కింద చేరిన ఎలుక వారం కిందట కొన్న కారునూ వదలదు.

దీన్ని పట్టుకునే పద్ధతుల మీదే తరాల మధ్య విభేదం. టెస్ట్ ల్యాంప్‌ది అన్నిటికంటే పాత దారి. నెగటివ్ కేబుల్ తీసి, దానికీ టెర్మినల్‌కూ మధ్య బల్బు పెడతారు. వెలిగితే లీకేజీ ఉన్నట్టు. పాత కార్లకు ఇది చక్కగా సరిపోయేది. కొత్త కార్లలో బల్బు వెలగని స్థాయి లీకేజీ కూడా బ్యాటరీని దించేస్తుంది. మేల్కొని ఉన్న పెట్టెలకు బల్బు గుండా తగినంత కరెంటు అందక అవి తికమక పడతాయి కూడా.

దాని స్థానంలో వచ్చింది అమ్మీటరును వరసలో పెట్టడం. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి నెగటివ్ వైపు కలుపుతారు. అంకె కచ్చితంగా వస్తుంది, కానీ టెర్మినల్ తీసి పెట్టగానే కారులోని పెట్టెలన్నీ మేల్కొంటాయి. అప్పుడు కనిపించే రెండు మూడు ఆంపియర్లను చూసి భయపడేవారు ఎందరో. మళ్లీ నిద్రపోవడానికి కొన్ని కార్లకు అయిదు నిమిషాలు చాలు, కొన్నిటికి గంట దగ్గర పడుతుంది. ఆ లోపు తలుపు తెరిచినా, కీలెస్ తాళం జేబులో పెట్టుకుని కారు దగ్గర నిలబడ్డా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తలుపు తెరిచే ఉంచాల్సివస్తే దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కిపెట్టాలి. మీటరు కలిపి ఉండగా పొరపాటున సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

లీకేజీ ఉందని తేలాక అది ఏ సర్క్యూట్‌లో ఉందో వెతకడానికి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం దశాబ్దాలుగా అందరూ నేర్చుకున్న పద్ధతి. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోతుందో అక్కడ దోషి. ఇప్పుడు దీని మీదే విమర్శ తీవ్రంగా ఉంది. నిద్రపోని పెట్టె ఫ్యూజు తీసి తిరిగి పెడితే అది రీసెట్ అయి హాయిగా నిద్రపోతుంది. లోపం మాయమవుతుంది, వారం తర్వాత తిరిగొస్తుంది. ప్రత్యామ్నాయంగా వచ్చింది ఫ్యూజు తీయకుండానే దాని తలపై కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం. ప్రతి ఫ్యూజుకూ కొద్దిపాటి నిరోధం ఉంటుంది. 10 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజుకు అది సుమారు 7, 8 మిల్లీ ఓములు. కాబట్టి 0.4 మిల్లీ వోల్టులు కనిపిస్తే ఆ దారిలో దాదాపు 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. దేన్నీ కదిలించకుండా దొంగను పట్టే పద్ధతి ఇది. ప్రస్తుతం ఉన్నవాటిలో ఉత్తమమని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. కావలసిందల్లా మిల్లీ వోల్టులో పదో వంతు చూపించే మీటరు, ఫ్యూజు సైజును బట్టి కరెంటు చెప్పే పట్టిక.

దీనికీ ఒక గుడ్డి మూల ఉంది. ఆల్టర్నేటర్, స్టార్టర్ లావు తీగలు చాలా కార్లలో ఫ్యూజు పెట్టెలోని చిన్న ఫ్యూజుల గుండా వెళ్లవు. ఆల్టర్నేటర్‌లో ఒక డయోడ్ పాడైతే బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు దాని గుండా వెనక్కి కారుతుంది, బండి నడుస్తున్నప్పుడు చార్జింగూ తగ్గుతుంది. రెండో వాదం, మూడో వాదం ఇక్కడ ఒకే లోపంలో కలుస్తాయి. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటరును ఏసీ వోల్టుల స్థానంలో పెట్టి బ్యాటరీ మీద కొలిస్తే, అర వోల్టు కంటే ఎక్కువ కనిపించినప్పుడు డయోడ్లను అనుమానించాలి. ఫ్యూజులన్నీ చూసి ఏమీ దొరకలేదని వదిలేసిన కేసుల్లో చూడాల్సిన మొదటి చోటు ఇదే.

పక్కపక్కన పెట్టి చూస్తే

వోల్టేజీ కొలత చార్జి ఎంతుందో చెబుతుంది, ఆరోగ్యం గురించి చెప్పదు. హైడ్రోమీటరు సెల్స్ విడివిడిగా చూపిస్తుంది, సీల్డ్ బ్యాటరీ ముందు పనికిరాదు. లోడ్ టెస్ట్ ఆరోగ్యం చెబుతుంది, కానీ ముందు చార్జి ఉండాలి. డిజిటల్ టెస్టర్ రెంటినీ అంచనా వేస్తుంది, సరైన ప్రమాణం ఎంచినప్పుడే. ఈ నాలుగూ మొదటి వాదానికే సంబంధించినవి. వీటిలో ఏదీ ఆల్టర్నేటర్ గురించి గానీ లీకేజీ గురించి గానీ ఒక్క ముక్క చెప్పదు. చార్జింగ్ వోల్టేజీ పాత కార్లకు నమ్మదగ్గ కొలమానం, స్మార్ట్ చార్జింగ్ కార్లకు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ లేకుండా సగం జవాబు. లీకేజీకి క్లాంప్ మీటరు అన్నిటికంటే సుఖమైనది, తీగ చుట్టూ తగిలిస్తే చాలు. కానీ మిల్లీ ఆంపియర్లను నమ్మకంగా చూపించే డీసీ క్లాంప్ మీటరు వెల ఎక్కువ. మార్కెట్‌లో దొరికే చాలా క్లాంప్ మీటర్లు ఏసీ కరెంటునే కొలుస్తాయి.

అందువల్ల వరస ముఖ్యం. మొదట బ్యాటరీని బయటి చార్జర్‌తో పూర్తిగా నింపాలి, రాత్రంతా విశ్రాంతినివ్వాలి. అప్పుడు గానీ దాన్ని పరీక్షించకూడదు. అది నెగ్గితే చార్జింగ్ చూడాలి, అదీ నెగ్గితే లీకేజీ. బ్యాటరీని కారు నుంచి విడదీసి రెండు రోజులు పక్కన పెట్టడం మరో తేలికైన విభజన. విడిగా ఉన్నా వోల్టేజీ పడిపోతే తప్పు బ్యాటరీది, విడిగా నిలిచి కారులో పడిపోతే తప్పు కారుది. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్న భయం పాత చెక్క పెట్టెల, రబ్బరు పెట్టెల కాలం నాటిది. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు.

ఈ వరసకు కనీసం రెండు రోజులు పడుతుంది. షాపులో బ్యాటరీ మార్చడానికి పావుగంట చాలు. సరైన పద్ధతి ఓడిపోతున్నది ఈ సమయం దగ్గరే. నిర్ధారణకు రుసుము ఇవ్వడం మనకు అలవాటు లేదు, వస్తువుకు ఇస్తాం. రెండు గంటలు మీటరు పట్టుకుని కూర్చున్న ఎలక్ట్రీషియన్‌కు రెండు వందలు ఇవ్వడానికి బేరమాడి, బ్యాటరీకి అయిదు వేలు చెల్లిస్తున్నాం.

ఇంకా తేలనివి

50 మిల్లీ ఆంపియర్ల హద్దు అన్ని కార్లకూ చెల్లుతుందా అన్నది మొదటి ప్రశ్న. మొబైల్ యాప్‌తో మాట్లాడే కనెక్టెడ్ కార్లు మధ్యమధ్యలో మేల్కొని సమాచారం పంపుతుంటాయి. ఒక్క క్షణపు కొలతకు అక్కడ అర్థం లేదు, రాత్రంతా రికార్డు చేయాలి. ఆ సగటు ఎంత ఉండాలో తయారీదారులు కొనుగోలుదారుకు చెప్పడం లేదు.

రెండోది, గట్టిపడిన సల్ఫేట్‌ను విద్యుత్ పల్స్‌లతో కరిగిస్తామనే పరికరాల సంగతి. తొలి దశలో ఉన్న సల్ఫేట్ నింపాదిగా చేసే చార్జింగ్‌తోనూ కొంత తగ్గుతుంది. పల్స్ వల్ల అదనంగా ఎంత లాభమన్నదాని మీద నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. తుప్పుపట్టిన జాలకాన్ని మాత్రం ఏ పల్సూ బాగుచేయలేదు.

మూడోది సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్నది. కొన్ని కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది. బయటి చార్జర్‌ను దాన్ని దాటి బాడీ ఎర్త్‌కు కలపాలి, లేకపోతే కంప్యూటర్ లెక్క తప్పుతుంది. కొన్నిటిలో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్‌తో నమోదు చేయాలి. ఈ వివరాలు కంపెనీ వర్క్‌షాపు గోడలు దాటడం లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చేపట్టిన ‘రైట్ టు రిపేర్’ పరిధిలో వాహనాల రంగం కూడా ఉంది. వీధి చివర ఎలక్ట్రీషియన్‌కు సర్క్యూట్ డయాగ్రం అందినప్పుడే దాని ఫలితం కనిపించినట్టు.

ఎలక్ట్రిక్ కార్లతో ఈ సమస్య పోతుందనుకోవడమూ తొందరపాటే. వాటిలోనూ లైట్లకు, తాళాలకు, కంప్యూటర్లకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే కింద ఉన్న పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఆన్ కాదు. పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని ఎప్పుడు నింపాలన్నది సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్ణయిస్తోంది.

ఇవి తేలేలోగా కారు యజమాని చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఎవరైనా బ్యాటరీ మార్చాలంటే మూడు అంకెలు బిల్లు మీద రాసివ్వమని అడగండి: పూర్తిగా చార్జి చేశాక లోడ్ మీద బ్యాటరీ వోల్టేజీ, ఇంజన్ నడుస్తున్నప్పుడు లైట్లు ఏసీ వేసి కొలిచిన చార్జింగ్ వోల్టేజీ, కారు నిద్రపోయాక లీకేజీ ఎన్ని మిల్లీ ఆంపియర్లు. మూడూ రాసివ్వగలిగిన మనిషి దొరికితే, ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.